హాల్ వదలకూడదు

ధన్!

డ్రాయింగ్ హాల్ తలుపు గోడకి కొట్టుకుంటుంది.

పెన్సిళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. తలలన్నీ లేస్తాయి.

గుమ్మంలో ఒక కుర్రాడు! బక్కగా ఉన్నాడు. రొప్పుతున్నాడు. చొక్కా కాలర్ నుంచి జేబు దాకా రక్తం...

"తలలు దించండి!" అంటుంది మేడమ్.

తలలు దిగిపోతాయి. పిల్లలు స్కేల్ మేడమ్ అని పిలిచే ఆమె మాటంటే మాటే. ఇరవై ఏళ్ళుగా ఈ కాలేజీలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెబుతోంది. ఆమె పరీక్ష హాల్లోకి ఈగ రావాలన్నా హాల్ టికెట్ చూపించాల్సిందేనని పిల్లలు జోకులేసుకుంటారు.

"ఎవరు నువ్వు? ఏ బ్రాంచ్?"

"ఆర్ట్స్ బ్లాక్, హిస్టరీ మేడమ్... దాచండి మేడమ్... వస్తున్నారు!"

కింద మెట్ల మీద బూట్ల చప్పుడు. విజిల్. ఎవరో అరుస్తున్నారు.

"ఒక్క రూమ్ కూడా వదలొద్దు!"

ఏం జరిగిందో మేడమ్‌కి సగం తెలుసు. హాస్టల్ ఖాళీ చెయ్యమన్నారని పొద్దున్నుంచి పిల్లలు లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నారు. పోలీసులు వచ్చి లేవమన్నారు. వాళ్ళు లేవలేదు. మధ్యాహ్నం లాఠీలు లేచాయి. ఆ గొడవతోనే పొద్దున జరగాల్సిన ఈ పరీక్ష చీకటి పడే వేళకి మారింది. రెండో సూపర్‌వైజర్‌ని గేటు దగ్గరే ఆపేశారు. హాలంతటికీ మేడమ్ ఒక్కతే.

మిగతా సగం ఆ కుర్రాడు చెబుతాడు. గబగబా... గుసగుసగా...

"క్యాంటీన్ వెనకాల ఒక పోలీసు ఒకణ్ణి పడేసి కొట్టాడు మేడమ్. వాడు కొట్టొద్దు సార్, లేచిపోతా సార్ అంటూనే ఉన్నాడు. అయినా కొట్టాడు. తల మీద... ఒకటే కొట్టుడు. ఇందాక హాస్పిటల్లో పోయాడంట మేడమ్! చూసింది నేనొక్కణ్ణే. నేను చూడ్డం ఆయన చూశాడు!"

"ఎవరు? ఏ పోలీసు?"

"పేరు తెలీదు. మొహం తెలుసు."

"నీ ఫోన్ ఏది?"

"లాగేసుకున్నారు మేడమ్."

వీడియో లేదు. ఫొటో లేదు. వీడి నోరొక్కటే సాక్ష్యం. ఈ నోరు మూయిస్తే అసలు కేసే లేదు!

కింది అంతస్తులో ఒక తలుపు దబ్బుమంటుంది. ఇంకో తలుపు... ఇంకొకటి!

పారిపోదామంటే రెండో దారి లేదు. కిటికీ అవతల మూడంతస్తుల కింద నేల.

మేడమ్ తన సర్వీసులో ఎన్నడూ చెయ్యని పని చేస్తుంది. ముందు వరసలో పరీక్షకి రానివాడి డెస్కు ఒకటి ఖాళీగా ఉంది. దాని మీద ఒక షీట్ పడేస్తుంది.

"కూర్చో. పెన్సిల్ పట్టుకో. గియ్యి."

"నాకు గీతలు రావు మేడమ్!"

"పర్వాలేదు. మా వాళ్ళకీ రావు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వబోయి మింగేస్తారు.

పక్క డెస్కు అమ్మాయి ఏమీ అడగదు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, చెవి మీద పెన్సిల్. తన నీలం వర్క్‌షాప్ కోటు విప్పి వాడి భుజాల మీద కప్పుతుంది. రక్తం కనిపించదు ఇక. తన బోర్డుకి ఉన్న గీతలు గీసే డ్రాఫ్టర్ ఊడదీసి వాడి బోర్డుకి బిగిస్తుంది. మరి తను దేంతో గీస్తుంది? ఆ ఆలోచనే ఉన్నట్టు లేదు.

"చెయ్యి ఆపకు అన్నా. గీస్తూనే ఉండు."

బూట్లు గుమ్మంలో ఆగుతాయి!

ముగ్గురు. ఇద్దరు కానిస్టేబుళ్ళు, చేతుల్లో రైఫిళ్ళు. వాళ్ళ ముందు ఒక ఇన్‌స్పెక్టర్. నడుముకి పిస్టల్. మోచేతుల దాకా మడిచిన చొక్కా.

మేడమ్ అడ్డంగా నిలబడుతుంది.

ఇన్‌స్పెక్టర్ ఆమెని చూస్తాడు. టోపీ తీసేస్తాడు!

"మేడమ్! నన్ను గుర్తుపట్టారా?"

ఆమె కళ్ళు చిట్లించి చూస్తుంది. మీసం తీసేసి, పొట్ట తీసేసి, పదిహేనేళ్ళు తీసేస్తే... ఆ మూల కిటికీ పక్క డెస్కు కుర్రాడు!

"నువ్వా! ఇన్‌స్పెక్టర్‌వి అయ్యావా?"

"మీ దయ మేడమ్. మీరు కూర్చోమంటే కూర్చునేవాణ్ణి, నిలబడమంటే నిలబడేవాణ్ణి. మా డిపార్ట్‌మెంట్‌కి కావాల్సింది అదే కదా!"

నవ్వుతాడు. మేడమ్‌కి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు ఉంటుంది. మనవాడే. తెలిసినవాడే.

టక్!

ముందు వరసలో పెన్సిల్ ముల్లు విరిగింది. బక్కోడి ముఖంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. వాడు ఇన్‌స్పెక్టర్ వైపు చూడ్డం లేదు. చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాడు.

మేడమ్ అది చూస్తుంది. చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. అర్థం చేసుకోవాలంటే ఆమెకి భయంగా ఉంది.

"ఒకడు ఇటు పరిగెత్తుకొచ్చాడు మేడమ్. బక్కగా ఉంటాడు."

"ఇక్కడ పరీక్ష జరుగుతోంది."

"తెలుస్తోంది మేడమ్. వాడు వచ్చాడా అని."

"వీళ్ళంతా నా పిల్లలే."

అబద్ధం!

"మీరు చెప్పాక ఇంకేముంది! ఊరికే ఒక్క రౌండ్ వేసి పోతా. పైవాళ్ళు అడిగితే చూశానని చెప్పాలి కదా."

ఊరికే ఒక్క రౌండ్. కాదనడానికి ఏముంది అందులో? మేడమ్ పక్కకి జరుగుతుంది.

ఇన్‌స్పెక్టర్ వెనక వరస నుంచి మొదలుపెడతాడు. చేతులు వెనక్కి కట్టుకుని, అచ్చం సూపర్‌వైజర్‌లా నడుస్తున్నాడు. ఒక్కో బోర్డు మీదికీ వంగుతున్నాడు.

"ఐసోమెట్రిక్ వ్యూ! బాబోయ్, దీని పేరు చెబితే నాకు జ్వరం వచ్చేది మేడమ్."

ఒక్కరూ నవ్వరు.

రెండో వరస. మూడో వరస. బక్కోడి చెయ్యి కదులుతూనే ఉంది. గీసిన గీత మీదే మళ్ళీ గీస్తున్నాడు... మళ్ళీ గీస్తున్నాడు!

వెళ్ళిపో. వెళ్ళిపో నాయనా. మేడమ్ మనసులో అదే జపం.

ముందు వరస. బూట్లు దాటిపోతున్నాయి... దాటిపోయాయి...

ఆగుతాయి!

వెనక్కి వస్తాయి.

"దీనికి బోర్డర్ ఏది?"

బక్కోడు తల ఎత్తడు.

"నిన్నే బాబూ. షీట్‌కి బోర్డర్ ఏది? కింద పేరు, నంబరు రాసే టైటిల్ బ్లాక్ ఏది?" ఇన్‌స్పెక్టర్ మేడమ్ వైపు తిరుగుతాడు. "మొదటి క్లాసులో మీరు ఏం చెప్పారు మేడమ్? ముందు బోర్డర్ గియ్యండి, ఆ తర్వాతే ప్రశ్న చదవండి అని కదా. బోర్డర్ లేకుండా మొదలుపెట్టేవాడు మీ క్లాసులో ఉంటాడా?"

ఉండడు. ఆ సంగతి మేడమ్ కంటే బాగా ఎవరికి తెలుసు? షీట్ పడేసింది కానీ ఆ మాట వీడికి చెప్పడం మరిచిపోయింది. ఏడుపొస్తోంది ఆమెకి.

"లేవరా!"

వాడు లేస్తాడు. కోటు జారిపోతుంది. రక్తం!

"మేడమ్! ఈయనే! వాణ్ణి కొట్టి చంపింది ఈయనే మేడమ్!"

హాలంతా వింటుంది. ఇన్‌స్పెక్టర్ నవ్వు మాత్రం చెరగదు.

"భయం మేడమ్. భయపడ్డవాడికి ఏ యూనిఫాం చూసినా అదే మొహం కనిపిస్తుంది. స్టేషన్‌కి తీసుకెళ్ళి నాలుగు మాటలు అడిగి పంపించేస్తాం. అంతే."

మేడమ్ ఫోన్ తీస్తుంది. ప్రిన్సిపాల్ నంబర్ కొడుతుంది.

"సార్, పరీక్ష మధ్యలో ఒక స్టూడెంట్‌ని తీసుకెళ్తామంటున్నారు..."

"తెలుసమ్మా. లోపలికి పంపించింది నేనే. కోఆపరేట్ చెయ్యండి."

"సార్, ప్రాణభయం ఉందంటున్నాడు సార్!"

"మీరు సూపర్‌వైజరా, లాయరా? ముందు పరీక్ష సంగతి చూసుకోండమ్మా!"

ఫోన్ కట్.

కానిస్టేబుల్ ఒకడు బక్కోడి మెడ పట్టుకుంటాడు. గుమ్మం వైపు నెడతాడు. మేడమ్ హ్యాండ్‌బ్యాగ్ అందుకుంటుంది.

"నేనూ వస్తాను. జీప్‌లో వాడి పక్కనే కూర్చుంటాను."

"రండి మేడమ్, నాకేం అభ్యంతరం?" ఇన్‌స్పెక్టర్ దారి ఇస్తాడు. ఒక్క క్షణం ఆగి హాలంతా కలయచూస్తాడు. "కానీ సూపర్‌వైజర్ మీరొక్కరే కదా. హాల్ వదలకూడదు. మీరు గుమ్మం దాటితే పరీక్ష క్యాన్సిల్. వీళ్ళందరికీ ఏడాది పోతుంది. నేను తప్పు చెబుతున్నానా మేడమ్?"

తప్పు కాదు. ప్రతి పరీక్షకీ కొత్త సూపర్‌వైజర్లకి ఆ రూల్ నూరిపోసేది ఆమే.

మేడమ్ కాలు గుమ్మంలో ఆగిపోతుంది.

దాటు! దాటవే పిచ్చిదానా! ఆమె మనసు లోపల్నుంచి ఎవరో అరుస్తున్నారు. వెనక నలభై మంది పిల్లలు చూస్తున్నారు. వాళ్ళలో ఎందరి ఇళ్ళల్లో ఈ పరీక్ష కోసం ఎదురుచూస్తున్నారో ఆమెకి తెలుసు. పోలీసు, ప్రిన్సిపాల్, రూలు... అన్నీ అటే ఉన్నాయి. ఇటు ఈ బక్కోడు ఒక్కడే ఉన్నాడు.

కాలు కదలదు.

"వెళ్ళు నాన్నా," అంటుంది. ఆ గొంతు తనదేనా? "ఎదురు తిరక్కు. చేతులు పైకెత్తి ఉంచు. ఏం చెబితే అది చెయ్యి. నీకేం కాదు."

ఏం కాదని ఆమెకి తెలీదు. తెలీకుండానే అనేస్తుంది. ఆ మాట అనకపోతే ఆమె అక్కడ నిలబడలేదు.

వాడు ఆమెని చూస్తాడు. తప్పిపోయిన పిల్లాడి చూపు.

"సరే మేడమ్."

చేతులు ఎత్తుతాడు. నడుస్తాడు.

కారిడార్ చివర మెట్ల మలుపు. ముందు వాడు. వెనక ఇన్‌స్పెక్టర్. ఆ వెనక కానిస్టేబుళ్ళు. ఒక్కొక్కరే మలుపు తిరిగి మాయమవుతారు. ఇక చప్పుళ్ళే మిగిలాయి. మేడమ్ తలుపు పట్టుకుని చెవులు రిక్కించి వింటోంది.

"మేడమ్!" కింది నుంచి వాడి గొంతు. "చేతులు పైకే ఉన్నాయి మేడమ్!"

"అలాగే ఉంచు నాన్నా! దించకు!"

"దించలేదు మేడమ్! పైకే ఉ..."

ఢాం!

కిటికీ అద్దాలు అదిరిపోతాయి.

ఏదో మెట్ల మీద దొర్లుతుంది. దొర్లి దొర్లి... ఆగిపోతుంది.

అప్పుడు... అప్పుడు వినిపిస్తుంది ఇన్‌స్పెక్టర్ గొంతు. గట్టిగా, బిల్డింగ్ మొత్తానికి వినపడేలా!

"ఆగు! పారిపోకు! ఆగకపోతే కాలుస్తా!"

మేడమ్ పైప్రాణాలు పైనే పోతాయి.

ముందు తుపాకీ పేలింది. ఆ తర్వాత హెచ్చరిక!

హాల్లో స్టూళ్ళు ధడేల్‌మని పడుతున్నాయి. పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. మేడమ్ తలుపుకి అలాగే అతుక్కుపోయింది. నేనే పంపించాను... నేనే పంపించాను... ఆ ఒక్క మాటే తలలో తిరుగుతోంది.

బూట్ల చప్పుడు. తీరిగ్గా మెట్లెక్కి వస్తున్నాడు ఇన్‌స్పెక్టర్. ఒక్కడే. టోపీ తల మీద ఉంది ఇప్పుడు.

"పారిపోబోయాడు మేడమ్. ఆగమని అరిచాను. మీరంతా విన్నారు కదా?"

రుమాలుతో మెడ తుడుచుకుంటాడు.

"పిల్లలు కంగారు పడుతున్నారు. కూర్చోమనండి మేడమ్."

అరవాలి! హంతకుడా అని వాడి మొహం మీదే అరవాలి! మాటలన్నీ గొంతులోకి వచ్చేశాయి. నోరు తెరుస్తుంది.

"కూర్చోండి."

అంతే. ఆ మాటే వచ్చింది.

పిల్లలు కూర్చుంటారు. ఏడుస్తూనే, పడిపోయిన స్టూళ్ళు లేపుకుని మరీ కూర్చుంటారు.

ఒక్క అమ్మాయి తప్ప. సోడాబుడ్డి కళ్ళద్దాల అమ్మాయి, నేల మీద పడ్డ తన నీలం కోటు తీసి గుండెకి హత్తుకుని అలాగే నిలబడి ఉంది.

"ముందు తుపాకీ పేలింది సార్," అంటుంది. "ఆ తర్వాత మీరు ఆగమన్నారు. చేతులు పైకే ఉన్నాయని ఆ అన్న అరిచాడు. అందరం విన్నాం."

"కూర్చో అమ్మా."

"కూర్చోను సార్."

ఇన్‌స్పెక్టర్ ఆ అమ్మాయిని కాసేపు చూస్తాడు. కోపం లేదు. తొందర లేదు. మెల్లగా మేడమ్ వైపు తిరుగుతాడు. మళ్ళీ టోపీ తీస్తాడు. మళ్ళీ అదే గౌరవం, అదే మెత్తటి గొంతు.

"ఈ అమ్మాయి పేరేంటి మేడమ్?"

అమ్మాయి మేడమ్ వైపు చూస్తుంది. హాలంతా మేడమ్ వైపు చూస్తుంది.

వద్దు... చెప్పొద్దు... పళ్ళు బిగించు...

మేడమ్ చెప్పేస్తుంది.

ఇంటిపేరుతో సహా!