ఇద్దరి బరువుకు బిగించిన స్ప్రింగులు

బోధన్‌లో వెల్డింగు షాపు నడిపే తుకారాం ఇనుమును ఎలా కావాలంటే అలా వంచగలడు. తన నాలుకను మాత్రం వంచలేడు, అందమైన అమ్మాయి ఎదురుగా ఉంటే మరీను.

దీక్షిత ఎడపల్లి బడిలో లెక్కల టీచరు. చిన్నప్పటి నుంచి ఎడమకాలు బలహీనం, చేతికర్ర తోడు. ఒక సాయంత్రం తమ్ముడితో స్కూటీ తోయించుకుని షాపుకు వచ్చింది.

"దీనికి పక్కల రెండు చక్రాలు పెట్టాలె. బడికి నేనే నడుపుకుంట పోత. ఆటోవాళ్లు నా కర్రను లగేజీ లెక్క జూస్తుండ్రు."

"నా పేరు తుకారాం. పేరు మా తాతదిగాని పని కొత్తది," అన్నాడు తుకారాం, గొప్ప మాట అన్నాననుకుని.

"పేరు అడగలే. పని అడిగిన."

ఆ ఒక్క మాటకే పడిపోయాడు మనవాడు. తన పనితనమంతా చూపించాలని పాత చెరుకు బండి ఇనుము తెచ్చి ఫ్రేము చేశాడు. నిజామాబాద్ ఆర్టీవో ఆఫీసులో ఇన్స్పెక్టర్ రవీందర్ సార్ దాని చుట్టూ తిరిగి, ఇందులో చెరుకు ఎన్ని టన్నులు పడుతుందని అడిగాడు. ఇంట్లో చేసిన ఫ్రేము రోడ్డు మీదికి పనికిరాదని, ఆమోదం ఉన్న పక్కచక్రాల కిట్టు బిగించి తెస్తేనే మార్పును ఆర్సీలో ఎక్కిస్తామని చెప్పి పంపేశాడు.

బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఇద్దరూ తిరిగొచ్చారు. బోధన్‌లో దిగుతూ దీక్షిత, మళ్లీ తప్పు చేస్తే సున్నా వేస్తానంది. తుకారాం ఆ రాత్రంతా 'మళ్లీ' అన్న మాటనే తలుచుకుని మురిసిపోయాడు. ఆశపడేవాడికి ఏ మాటైనా చాలు.

ఈసారి కిట్టు తెచ్చి బుద్ధిగా బిగించాడు. బండి ఎంత కుంగుతుందో చూడటానికి ముందు సీటు మీద దీక్షితకు బదులు బియ్యం బస్తా పెట్టాడు. వెనక సీటు మీద తనే కూర్చున్నాడు. బస్తాతో కాసేపు కబుర్లు కూడా చెప్పాడు. బండి కుంగకుండా స్ప్రింగులు గట్టిగా బిగించి, ఎంత తెలివైనవాణ్ణోనని తన భుజం తనే తట్టుకున్నాడు.

ఆర్టీవో ఆవరణలో దీక్షిత ఒక్కతే నడిపింది. చిన్న మిట్ట మీద బండి ఎగిరిపడి ఆమె కర్ర కింద పడింది. రవీందర్ సార్ వచ్చి స్ప్రింగు నొక్కి చూశాడు.

"గింత గట్టిగ ఎందుకు బిగించినవ్?"

రోడ్లు బాగాలేవన్నాడు తుకారాం.

"అట్లయితే ఇంక మెత్తగుండాలె. గిది ఇద్దరి బరువుకు బిగించినవ్. రెండో మనిషి ఎవరు?"

తుకారాం నేల చూశాడు. "నేనే సార్."

"ఆమెకు ఎరుకేనా?"

"గిప్పుడే ఎరుకైంది సార్."

దీక్షిత ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. "నన్ను అడగకుంటనే నా బండెక్కినవా? నాకు ఒక్కదాన్ని పోయే బండి గావాలె, తుకారాం. గిదంత అందుకే. ఒక్కరికి సరిపోయేటట్టు చెయ్యి."

తుకారాం స్పానరు అందుకున్నాడు. ఒక్కో చుట్టు వదులు చేస్తుంటే తనను తానే బండి మీంచి దింపుకుంటున్నట్టు అనిపించింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఈసారి బండి మిట్టను మెత్తగా దాటింది. రవీందర్ సార్ పాసన్నాడు.

దీక్షిత వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటి వెళ్లిపోయింది. చేతిలో స్పానరుతో తుకారాం బస్సు కోసం నడక మొదలుపెట్టాడు. బియ్యం బస్తా ఒక్కటే తన మాటలు ఓపికగా విందనుకున్నాడు.

ఎదురుగా హారన్ మోగింది. దీక్షిత తిరిగి వస్తోంది. కళ్లు మెరుస్తున్నాయి.

"బస్టాండు దాకా పోయొచ్చిన. ఎవ్వరు తోడు లేకుంట." బండి అతని పక్కనే ఆపింది. "ఒక్కదాన్ని పోగలనని జూసుకున్న. ఇగ ఎక్కు."

తుకారాం నోటికి వచ్చింది ప్రేమ మాట కాదు. "స్ప్రింగులు వదులు జేసిన. ఇద్దరం కూసుంటే కుంగుతది."

"కుంగనీ. ఇంటికి పోయినంక బిగిద్దువుగాని. ఈసారి నేనే చెప్తున్న."

బోధన్ దాకా ప్రతి గుంతకూ తుకారాం నడుము కదిలిపోయింది. మెల్లగా పొమ్మని ఒక్కసారి కూడా అనలేదు.