చెరిపిన అయిదు వాక్యాలు

పొద్దున ఏడు గంటలకే ప్రమీలమ్మ హాల్లో స్టూలెక్కి నిలబడింది. చిన్న కోడలు భానుప్రియకు ఉత్తమ ఉపాధ్యాయురాలని సన్మానం చేసినప్పుడు తీసిన ఫోటోను గోడకు తగిలించాలని ఆమె తంటాలు.

“గీతా, ఒకతూరి చూడుమ్మా. వంకర పోయిందా?”

వంటింట్లో క్యారియర్ సర్దుకుంటున్న పెద్ద కోడలు గీతాంజలి తొంగి చూసింది. ఫ్రేము తిన్నగానే ఉంది.

“ఎడమ పక్క కొంచెం దిగింది అత్తా.”

ప్రమీలమ్మ ఎడమ పక్క ఎత్తింది. ఇప్పుడు నిజంగానే వంకర పోయింది. గీతాంజలికి కడుపులో చల్లగా అనిపించింది. చెప్పుకుంటే సిగ్గు గానీ, ఈ మధ్య ఆమెకు అంతకంటే పెద్ద సంతోషాలేమీ లేవు.

నంద్యాలలో ఆ ఇంట్లో కోడళ్ళిద్దరూ సర్కారు బడి టీచర్లే. గీతాంజలికి పదిహేడేళ్ళ సర్వీసు. రోజూ ఆళ్లగడ్డ బస్సెక్కి, అక్కడ దిగి ఆటోలో ఇంకో ఊరికి పోవాలి. తొమ్మిదిలోగా ఫోనుకు ముఖం చూపించకపోతే హాజరు పడదు. భానుప్రియకు తొమ్మిదేళ్ళ సర్వీసు. బడి ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. చెమట పట్టకుండా పోయి, చెమట పట్టకుండా వస్తుంది. శాలువా మాత్రం ఆమెకే కప్పారు.

అంతటితో పోయినా బాగుండేది. కొత్త పద్ధతిలో పిల్లల మార్కులన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తున్నారు. బాగా చదివే బడి పేరు పచ్చరంగులో, వెనకబడ్డ బడి పేరు ఎరుపులో వస్తుంది. గీతాంజలి బడి రెండుసార్లు ఎరుపులో వచ్చింది. మీటింగులో మండల విద్యాధికారి సుబ్బరాయుడు, “ఒకే ఇంట్లో ఇద్దురు టీచర్లు. ఒకరు పచ్చ, ఒకరు ఎరుపు! ఒకే పొయ్యి మీద వండుకుంటాండారా, వేరేనా?” అని నవ్వాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే పది రోజుల కింద, మూడో తరగతి తెలుగు పరీక్ష అయిపోయి పిల్లలు ఇళ్ళకు పోయాక, తలుపు దగ్గరగా వేసుకుంది. పందొమ్మిది మందిలో పదకొండు మంది జవాబు పుస్తకాల్లో పెన్సిలు రాతలను రబ్బరుతో తుడిచేసింది. తుడిచేదాన్ని చదవను కూడా లేదు. ఎడమచేత్తో వంకర టింకరగా, తానే జవాబులు రాసి పెట్టింది.

శనివారం సాయంత్రం భానుప్రియ ఇంటికొచ్చేసరికి గీతాంజలి పొయ్యి మీద టీ పెట్టి ఉంది. ఈసారి ఒక మండలం పుస్తకాలను ఇంకో మండలం టీచర్లు దిద్దాలన్నారు. భానుప్రియ మూడు రోజులుగా ఆ డ్యూటీకే పోతోంది. ఆమె చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వచ్చింది. చేతిసంచి కూడా దింపలేదు.

“అక్కా, మీ బడి కట్ట నాకే వచ్చింది.”

గీతాంజలి చేతిలో గరిటె ఆగింది. “వస్తే ఏంది? దిద్దినావా?”

“దిద్దినా. మీ ఊర్లో పిల్లోళ్ళు ‘యాడ’ అంటారు, ‘శానా’ అంటారు. పరీక్షలో గూడా అట్లనే రాస్తారు. నా పిల్లోళ్ళూ అంతే, ఎంత చెప్పినా ఇనరు. నీ పదకొండు పుస్తకాల్లో ఒగరు గూడా ‘యాడ’ అని రాయల్యా. అందురూ ‘ఎక్కడ’నే. అందురూ ‘చాలా’నే.”

“బాగా చెప్పినాను గాబట్టి బాగా రాసినారు. నువ్వొక్కదానివే చెప్తావా చదువు?”

“అక్కా, నీ చేతిరాత నాకు తెల్దా? ఎడంచేత్తో రాసినా ‘క’ కు కొమ్ము నువ్వే అట్ల పెడతావు.”

టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఎవరూ చూడలేదు.

“ఇప్పుడేమంటావు?” అంది గీతాంజలి మెల్లగా.

“రిపోర్టు రాసి సంతకం పెట్టి ఇచ్చేసినా. బయటోళ్ళు చెప్పకముందు నేనే నీ ముందుకొచ్చి చెప్దామని వచ్చినా.”

ఆ మాటతో ఇంట్లో నిప్పు రాజుకుంది. హాల్లో ఉన్న ప్రమీలమ్మ పరుగున వచ్చింది. వెనకే గీతాంజలి భర్త రాజశేఖర్.

“ఏందే భానూ!” అని ప్రమీలమ్మ చిన్న కోడలి మీదకే లేచింది. “ఇంట్లో మనిషిని పట్టిస్తావా? పదిహేడేండ్ల ఉద్యోగమే అది! నీకు కప్పిన శాలువా చాలక, దాని నోటికాడ కూడు గూడా కావాల్నా?”

ఎన్నేళ్ళ నుంచో గీతాంజలి ఎదురుచూసిన రోజది. అత్త తన పక్కన నిలబడి భానుప్రియను తిడుతోంది. తీరా వచ్చాక అందులో తీపేమీ కనిపించలేదు.

రాజశేఖర్ మాత్రం భార్యనే చూస్తున్నాడు. “ఏమ్మే, నిజమేనా?”

గీతాంజలి భానుప్రియ వైపు తిరిగింది. లోపల ఇన్నాళ్ళుగా మూటకట్టి పెట్టిందంతా ఒక్కసారి తెగింది.

“కుళ్ళు నీకు! నామీద మొదటినుంచీ కుళ్ళే! నన్ను తొక్కితే నువ్వింకా పైకి కనపడతావని! ఈ ఇంట్లో గోడల మీదంతా నువ్వే. ఇంగ నేను యాడుండాల?”

భానుప్రియ కళ్ళు నిండాయి. కానీ గొంతు తగ్గలేదు.

“అవునక్కా, కుళ్ళే. పొద్దున్నుంచి ఏడుస్తాండా కుళ్ళుకొని. ఎందుకో చెప్పేదా? నాజ్నీన్ అని ఒక పిల్లుంది గదా నీ క్లాసులో?”

“ఉంది. ఆ ఊరి బుడేన్ బిడ్డ.”

“ఇష్టమైన మనిషి గురించి అయిదు వాక్యాలు రాయమన్నారు. ‘మా అమ్మ ఉదయాన్నే నిద్ర లేస్తుంది’ అని నువ్వు రాసి పెట్టినావు. ఆ పిల్ల పెన్సిలు ఒత్తి రాస్తాదేమో, నువ్వు తుడిచినా అచ్చు పోలా. కిటికీ కాడ వెలుగుకు పెట్టి చదివినా. ఏమి రాసిందో తెల్సా?”

గీతాంజలికి తెలియదు. తెలుసుకోకుండానే తుడిచింది.

భానుప్రియ ఒక్కో వాక్యం ఒప్పజెప్పినట్టు చెప్పింది. “‘మా గీత టీచర్ అంటే నాకు శానా ఇష్టం. టీచర్ ఆటో దిగతానే నేను ఉరుకుతా. తప్పు సదివినా టీచర్ కొట్టదు. టీచర్ రాకుంటే నాకు ఏడుపొస్తాది. టీచర్ యాడికీ పోగూడదు.’”



“తొమ్మిదేండ్లాయె నేను చెప్పబట్టి,” అంది భానుప్రియ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “శాలువా కప్పినారు గానీ, ఒగ పిల్ల గూడా నా గురించి అట్ల రాయల్యా. నీకు రాసింది. నువ్వేమో దాన్ని తుడిచేసినావు.”

గీతాంజలి పొయ్యి గట్టు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. ఏడుపు మొదట రాలేదు. తన వేళ్ళే చూసుకుంది, రబ్బరు పట్టుకున్న వేళ్ళు. తర్వాత వచ్చింది, ఆగకుండా. భానుప్రియ పక్కన కూలబడి ఆమె తలను భుజానికి ఆనించుకుంది. ఇందాక అరిచిన ప్రమీలమ్మకు ఎవరిని ఓదార్చాలో తెలియక, ఇద్దరి తలలూ నిమిరింది.

“నేను మధ్యలో పోయి సుబ్బరాయుడు సారుతో మాట్లాడేదా?” అన్నాడు రాజశేఖర్.

“వద్దప్పా,” అంది గీతాంజలి కళ్ళు తుడుచుకుని. “నేను చేసింది నేనే చెప్పుకుంటా.”

సోమవారం తోడికోడళ్ళిద్దరూ ఒకే బస్సెక్కారు. భానుప్రియ సెలవు పెట్టింది. “నువ్వెందుకు?” అంటే, “నీ పక్కన సీటు ఖాళీగా ఉంటే ఎవరో ఒగరు కూచోని నీతో మాట్లాడతారు. ఈరోజు నీకు ఆ ఓపిక ఉండదు,” అంది.

మండల ఆఫీసులో సుబ్బరాయుడు సారు గీతాంజలి రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. “ఎవరో పిల్లోళ్ళు మార్చి రాసినారని చెప్పింటే తప్పించుకునేదానివి గదమ్మా!”

“పిల్లోళ్ళ మీదికి తోయలేను సార్.”

“మెమో వస్తాది. ఇంక్రిమెంటు ఆపుతారు. ఆపైన ఏమొస్తాదో నా చేతుల్లో లేదు. ఆ పదకొండు మందికీ మళ్ళా పరీక్ష. నువ్వు లోపల ఉండగూడదు. వేరే టీచరును పంపిస్తా.” ఆ తర్వాత, “మీటింగులో ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది,” అన్నాడు కాగితం మీద నుంచి తలెత్తకుండా.

వేరే టీచరు వచ్చేలోగా, బడిలో పదకొండు మందిని వరుసగా కూర్చోబెట్టి, గీతాంజలి వాళ్ళ ముందు నిలబడింది. భానుప్రియ వాకిట్లోనే ఆగింది.

“మీరు రాసింది తుడిచేసి నేను రాసినా. మీది తప్పని కాదు. నాది తప్పు. ఈ రోజు మళ్ళా రాయాల. మీకు ఎట్లొస్తే అట్ల రాయండి.”

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు వరుసలో నాజ్నీన్ పెన్సిలు డబ్బా ముందు పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

“టీచర్, నాది గూడా తుడిచినావా?”

“తుడిచినా నాన్నా.”

“సదివినంకనా?”

 గీతాంజలి కాదన్నట్టు తల ఊపింది.

ఆ పిల్ల పెన్సిలు డబ్బా మూసేసింది. లేచి వచ్చి, టీచర్ మెడలో వేలాడుతున్న పెన్ను మీద చెయ్యి వేసింది.

“అయితే ఈ తూరి దీంతో రాస్తా.”