నర్సమ్మ సీటు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, కూతురు షెడ్డు వైపు చెవి పెట్టింది. రోజూ ఆ వేళకి కారు స్టార్టవుతుంది. కాసేపు ఆడి ఆగిపోతుంది. తర్వాత తండ్రి లోపలికొచ్చి, ఎవరో తిట్టినట్టు మొహం పెట్టుకుని టీ తాగుతాడు. నర్సమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస.

నర్సమ్మంటే అతని భార్య. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకెళ్లి కట్లు కట్టి, సూదులు వేసి వచ్చేది. ఆ పాత కారు ఆవిడదే. పొట్టి మనిషి కదా, సీటు మొత్తం ముందుకు లాక్కుని, స్టీరింగుని కావలించుకున్నట్టు కూర్చుని నడిపేది. మొగుడు పేరున్న మెకానిక్కే అయినా ఆ కారెక్కితే పక్క సీటే గతి. "ఇంజన్ నీది, రోడ్డు నాది" అనేది.

ఆ రోజు శబ్దం మారింది. లోపల ఎవరో చెంచాతో కొడుతున్నట్టు టకటకమంటోంది. తండ్రి దగ్గరే పని నేర్చుకుని, ఆయనతో పాటే షెడ్డులో పనిచేసే పిల్లకి ఆ చప్పుడేమిటో ఒకరు చెప్పాలా? పొయ్యి కట్టేసి పరిగెత్తింది.

షెడ్డు గుమ్మంలో ఆగిపోయింది. డ్రైవర్ సీటు ఖాళీ. తండ్రి పక్క సీట్లో కూర్చుని, ఇటు వంగి తాళం మీద చెయ్యేసి ఉన్నాడు.

"ఇన్నాళ్లూ అటు కూర్చునే స్టార్ట్ చేస్తున్నావా?"

ఆయన తాళం మీంచి చెయ్యి తియ్యలేదు.

"ముందు ఆపు నాన్నా! ఆయిల్ లైటు ఆరనే లేదు, ఇంజన్‌కి ఆయిల్ అందట్లేదు."

బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తిప్పి చూసింది. మూతకి పసుపుపచ్చటి నురగ. కింద నల్లటి మడ్డి దళసరిగా పేరుకుపోయి ఉంది.

"బిగుసుకుపోకూడదనే కదా రోజూ తిప్పుతున్నాను" అన్నాడు తండ్రి, తప్పు చేసిన పిల్లాడిలా.

"కాసేపు తిప్పి ఆపేస్తే ఇంజన్ కాగదు. లోపలి తేమ పోదు. ఆయిల్ మడ్డి కడుతుంది. ఈ మాట చెప్పి వచ్చినవాళ్లందరినీ నిలబెట్టి తిట్టేది ఎవరు? నువ్వు కాదూ?"

నిజమే. ఇంకెవరైనా ఇలా చేసి బండి తెచ్చుంటే ఈపాటికి ఆయన నోటికి జడిసి పారిపోయేవారు.

"సరే, ఫ్లష్ మందు పోసి ఒక్కసారే కడిగేద్దాం. ఇక్కడే, ఈ పూటే" అన్నాడు తండ్రి.

"ఇంత మడ్డి ఒక్కసారి ఊడితే పెచ్చులు పోయి, అడుగున ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడతాయి. ఆయిల్ పైకి ఎక్కదు. అప్పుడు ఇంజనే ఉండదు." ఆమె అలమరలోంచి చిన్న డబ్బా తెచ్చింది. "ఇది ఎస్టర్లనే రసాయనాలతో చేసిన మందు. కొత్త ఆయిల్లో కలిపి పోద్దాం. మడ్డిని పొరపొరగా కరిగిస్తుంది, తొందరపడదు. కాకపోతే ఆయిల్ బాగా కాగాలి. రోడ్డెక్కించాలి."

"రోడ్డెక్కడానికి వీల్లేదు."

"ఏం?"

"ఎవరో ఒకరు ఆ సీట్లో కూర్చోవాలి. కూర్చుంటే వెనక్కి జరపాలి." అన్నాడాయన. "బీరువా చుట్టాలు సర్దేశారు. మంచం తీసేశారు. మీ అమ్మ ఎలా పెట్టుకుందో అలా ఉన్నది ఇదొక్కటేనే."

కూతురు ఇన్నాళ్లూ దాచుకున్నది ఆగలేదు.

"నాకూ అమ్మే పోయింది నాన్నా! పొద్దున్నే దీనితో కూర్చుని వస్తావు. నాతో 'టీ ఇయ్యి' తప్ప ఇంకో మాటన్నావా? నాకంటే ఈ కారే నయం. అది దగ్గితే దాని పక్కన కూర్చునేవాళ్లు ఉన్నారు."

అనేసి, అన్నందుకు ఏడ్చింది. తండ్రి స్పానర్ తీసుకుని కారు కిందకి దూరాడు. పాత ఆయిల్ తారులా సాగుతూ దిగింది. ఇద్దరూ కలిసి ఫిల్టర్ మార్చారు. కొత్త ఆయిల్ తర్వాత ఆ డబ్బా ఆయనే చేత్తో వంచి పోశాడు.

"నడుపు. సీటు మాత్రం..."

"జరపనులే."

ఆమెది తండ్రి పొడుగు. కాళ్లు మడుచుకుని ఎలాగో ఇరుక్కుంది. ఆయిల్ లైటు కాసేపు బతిమాలించుకుని ఆరింది. కారు సందు దాటి, దర్జీ కొట్టు దాటి, పెద్ద రోడ్డెక్కింది. క్లచ్ తొక్కి వదిలినప్పుడల్లా ఆమె మోకాలు స్టీరింగుకి కొట్టుకుంటోంది. పంటి బిగువున నడుపుతోంది.

ఒక ఇంటి అరుగు మీద కాలికి కట్టున్న ముసలాయన కారుని చూసి సంబరంగా చెయ్యెత్తాడు. లోపల వేరే మొహం కనబడేసరికి ఆ చెయ్యి మెల్లగా దించేశాడు. తండ్రి అది చూశాడు. ఈ బాధ తనొక్కడిదే అనుకున్నాడు ఇన్నాళ్లూ. కూతురి వైపు తిరిగాడు. ఆమె కళ్లలోనూ నీళ్లే.

ఇంకొంత దూరం పోయాక టకటక తగ్గింది. పూర్తిగా పోలేదు.

"పక్కకి ఆపు" అన్నాడు తండ్రి.

"ఏమైంది? వేడెక్కిందా?"

"సీటు జరుపుకో. మోకాలు కమిలిపోయి ఉంటుంది."

"పర్లేదు నాన్నా. అలవాటైంది."

"జరుపుకో తల్లీ."

సీటు కింది లివర్ పట్టుకుని లాగింది. తుప్పుకి బిగిసిపోయి కదల్లేదు. రోజూ తాళం తిప్పడానికి వంగినట్టే ఆయన పక్క సీట్లోంచి వంగి, తన చేత్తో ఎత్తిపట్టాడు. సీటు కిర్రుమని వెనక్కి జారింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అలాగే కూతురి ఒళ్లో తల పెట్టి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నర్సమ్మ పోయిన రోజు కూడా ఏడవని మనిషి. కూతురు ఆయన జుట్టులో వేళ్లు పెట్టి నిమురుతూ తనూ ఏడ్చింది. ఇంజన్ ఆడుతూనే ఉంది.

చాలాసేపటికి ఆయన లేచి, నూనె మరకల చొక్కాతోనే మొహం తుడుచుకున్నాడు.

"పద. ఇప్పుడే ఇంటికొద్దు" అన్నాడు. "ఆయిల్ ఇంకా కాగాలి."