పగిలిన శోధిని

అంగారకుడి మీద కొత్త నెల్లూరు డోములో గట్టిగా తుమ్మితే చాలు, గోడమీది సెన్సర్ ఆరోగ్యశాఖకు కబురు పెట్టేస్తుంది. అయినా మనవాళ్లు మనవాళ్లే. కోట్ల కిలోమీటర్లు దాటి వచ్చి కూడా బాలింత చెవుల్లో దూది కూరి, తలకు గుడ్డ కట్టడం మానలేదు. పీల్చే గాలే యంత్రాల్లోంచి వచ్చేచోట చలిగాలి ఎక్కణ్ణుంచి కొడుతుందని అడిగితే, పెద్దలు ఊరికే చెప్పలేదంటారు.

2097లో అలాంటి ఒక ఇంటికి డాక్టర్ పెంచల వెళ్లేసరికి, ఆమె కనిపెట్టిన శోధిని యంత్రం నేలమీద ముక్కలై పడి ఉంది. గోడకు నెత్తుటి చారలు. లోపలి గదిలో మృణ్మయిని మంచానికి చేతులు కట్టి పడేశారు. ఆమె ఇరవై మూడు రోజుల బాలింత. కింది పెదవి చిట్లి వాచింది.

శోధిని పెంచల పన్నెండేళ్ల కష్టం. పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్, అంటే ప్రసవానంతర కుంగుబాటు, పట్టిన తల్లికి డోములో ఒక్క థెరపిస్టు లేడు. భూమ్మీది డాక్టరును అడిగితే ఒక్కో మాటకు జవాబు రావడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. అంతసేపు ఏడుపు ఆగుతుందా? ప్రతి మెదడుకూ ఒక న్యూరల్ సిగ్నేచర్ ఉంటుంది. పెంచల దానికి మనోముద్ర అని పేరు పెట్టింది. మనిషి పడ్డ బాధ మానినా దాని గాటు ఆ ముద్రలో మిగిలిపోతుంది. రెండు గ్రహాల్లోనూ అందరి మనోముద్రలూ నమోదై ఉన్నాయి. శోధిని తల్లి మనోముద్రను చదివి, అదే గాటు పడి, బతికి బయటపడ్డ మనిషిని వెతికి, తల్లి చెవిలో పేరు చెబుతుంది. ఆ మనిషికి శిక్షణ ఇచ్చి తల్లికి తోడు కూర్చోబెట్టడం ఆరోగ్యశాఖ పని.

ఉపాయం బాగానే ఉంది. కానీ పది ఇళ్లకు పంపితే, ఈ ఇంటితో కలిపి ఏడిళ్లలో శోధిని పగిలింది. తల్లులకు ఆవేశం ఎక్కువని ఇంజనీర్లు తేల్చి, రెండుసార్లు దాని పెంకు మందం పెంచారు. పెంచల కూడా ఆ మాటే నమ్మింది. ఆమె బుద్ధి అక్కడ గడ్డి తిన్నది.

"చూడండి మేడం, ఇనప రాడ్డుతో నుగ్గునుగ్గు చేసింది," అన్నాడు మృణ్మయి మొగుడు సాకేత్. "రెండు తగిలించి కట్టేశా. రేపు బిడ్డనూ ఇట్టే చేస్తాది. శిశుకేంద్రం వాళ్లు బండి తెస్తుండారు. బిడ్డను వాళ్లే పెంచుతారు."

"పగలగొట్టడం నువ్వు చూశావా?"

"నేనొచ్చేటప్పటికి రాడ్డు దీని చేతిలోనే ఉండాది. పగలగొట్టింది ఇదేనని అమ్మ చెప్పింది."

అతని తల్లి యశస్విని బిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పెంచల కట్లు విప్పుతూ మృణ్మయిని అడిగింది.

"శోధిని నీకు ఏ పేరు చెప్పింది?"

"నాకేం వినపడలేదు మేడం. దూది తియ్యకూడదని, నేనే విని చెప్తాలే అని అత్త దాని చెవిగొట్టం తన చెవిలో పెట్టుకునింది. విన్నాక రాడ్డు తీసుకుని యంత్రం మీద పడింది. నేను లాక్కునేలోపే పగిలిపోయింది."

"మరి ఆ మాట మీ ఆయనకు చెప్పలేదా?"

"ఎవురు నమ్ముతారు మేడం? బిడ్డను విసిరికొట్టాలనిపిస్తుండాదని నా నోటితో నేనే చెప్పుకుంటిని గదా."

పెంచల ముక్కల్లోంచి మెమరీ చిప్ ఏరి చేతిపలకలో పెట్టింది. తెరమీద ఒకే ఒక్క పేరు వచ్చింది. యశస్విని.

ఆ పేరు పైకి చదవగానే యశస్విని బిడ్డను ఉయ్యాల్లో వేసి రాడ్డు అందుకుంది. మొదటి దెబ్బకు చేతిపలక పగిలింది. రెండో దెబ్బకు పెంచల భుజం ఎముక విరిగింది. "నోరు మూసుకో! నా ఇంటికొచ్చి నా కడుపులో చెయ్యి పెడతావా!" అని అరుస్తూ మూడోసారి ఎత్తింది. సాకేత్ తల్లిని వెనకనుంచి పట్టి గోడకు అదిమి రాడ్డు లాక్కున్నాడు.

కింద పడ్డ పెంచలకు నొప్పిలోనే అసలు సంగతి వెలిగింది. తక్కిన ఆరిళ్లలోనూ దాన్ని పగలగొట్టింది రోగులు కాదు, అది వైద్యులుగా ఎంచిన ఇంటి మనుషులే, తమ పాత గాటు బయటపడుతుందన్న భయంతో. అన్నాళ్లూ తల్లుల మీద నింద వేసినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

యశస్విని గోడవారన జారి కూలబడింది.

"దిండు పెట్టి అదిమినా రా," అంది కొడుకును చూస్తూ. "నీకు పదారు దినాలు. నీ కాళ్లు కొట్టుకోడం ఆగేదాకా అదిమినా. ఎట్టనో మళ్లీ ఏడ్చినావు. ఆ దినం నుంచి నేను తలకింద దిండు పెట్టుకోలా."

సాకేత్ మొహం నల్లబడింది. చేతిలోని రాడ్డు తల్లి తలమీదికి లేచింది.

మృణ్మయి మంచం దిగి వచ్చి దెబ్బలకు అంచు లేచిన ఆ రాడ్డును వట్టి చేత్తో పట్టుకుంది. అరచెయ్యి చీలి నెత్తురు మోచేతిదాకా కారింది. అయినా వదల్లేదు.

"చెయ్యి దించు," అంది. "రెండు గ్రహాలు గాలిస్తే నాకు దొరికిన డాక్టరు ఈమె ఒక్కతే."

రాడ్డు నేలమీద పడింది. మృణ్మయి అత్త పక్కన చతికిలబడింది.

"అత్తా, మర్నాడు ఎట్ట బతికినావు? అది చెప్పు నాకు."

బయట శిశుకేంద్రం బండి ఆగింది. వాళ్లను వెనక్కి పంపడానికి పెంచల విరిగిన భుజం పట్టుకుని తలుపువైపు నడిచింది. వెనక యశస్విని గొంతు వినిపించింది.

"ఏమీ జరగనట్టు బిడ్డకు నీళ్లు పోసినా, వంట చేసినా. ముప్పై ఏళ్లు ఎవురికీ చెప్పకుండా బతికినా. నువ్వట్ట బతకబాకమ్మా."