ముప్పై రెండు కిలోమీటర్ల ఆయువు

నిచ్చెనకు అంటించిన ఆయువుబిళ్ల ‘ఆరు’ చూపిస్తోంది. ఇంకో ఆరుసార్లు ఎక్కవచ్చు, ఏడోసారి విరుగుతుంది. ఇప్పుడు మంచానికీ, కుర్చీకీ, వంతెనకూ అన్నిటికీ ఈ బిళ్లలే. లోపలి లోహం ఎంత అలసిందో పసిగట్టి, అది తెగే గడువు ముందే చెప్పేస్తాయి. ఇవి వచ్చాక వస్తువు బాగుచేయించుకునే మనిషే కరువయ్యాడు. ఆఖరి అంకె దాకా వాడి అవతల పారేయడమే తెలివైపోయింది. ఆ తెలివంటే ఆటోనగర్ వెల్డర్ కాశింబీకి ఒళ్లుమంట.

ఇవాళ ఆ మంటకు కారణం లిఫ్టు మీద ఉంది, నలభై ఏళ్ల నాటి ఎర్ర స్పోర్ట్స్ కారు. యజమాని తారకేష్ దాన్ని పందేలకు దింపుతాడు. నడిపేది కాశింబీ కూతురు షంషాద్. పోయిన నెల కొత్త మోటారు పెట్టేముందు కాశింబీ పట్టుబట్టి కారు బరువంతా మోసే ఛాసిస్‌కు అడ్డకమ్మీలు వేసి గట్టిచేసింది. బిళ్ల ఆరువేల కిలోమీటర్లు చూపించింది. అంత బలం ఊరికే పడి ఉండటం చూసి తారకేష్ ప్రాణం ఉసూరుమంది. ఇంకా పెద్ద మోటారు తెచ్చి పెట్టించాడు. అంకె నాలుగువందల పన్నెండుకు పడిపోయింది. ఇక ఆ మోటారును కదలకుండా పట్టి ఉంచే ఇనుప కాళ్లు అతికించడమే మిగిలింది.

“బాబుగారూ, ఒక్క వారం ఇవ్వండి. ఛాసిస్ మళ్లీ గట్టిచేస్తాను. ఈ మోటారుకి అది ఆగదు.”

“పందెం మూడొందల ఎనభై. బిళ్ల నాలుగొందల పన్నెండు అంటోంది. ఇంకేం కావాలి నీకు?”

“బిళ్లకి అరుగుదల తెలుసండీ, దెబ్బ తెలీదు. మలుపులో సిమెంటు గట్టు తగిలితే? లోపల కూర్చునేది మీరు కాదుగా!”

“నేను కూర్చుంటాగా,” అంటూ షంషాద్ అడ్డొచ్చింది. “బిళ్ల ఒక్కసారైనా తప్పిందా? నీ పనికి గిరాకీ పోయిందని నామీద పడి ఏడుస్తావేంటమ్మా?”

ఆ మాట కాశింబీకి చురుక్కున తగిలింది. కానీ కోపంకన్నా భయమే ఎక్కువగా ఉంది. గట్టిచేస్తే అంకె పెరుగుతుంది. అంకె పెరిగితే వీడు ఇంకో మోటారు తెస్తాడు. కూతురు బతకాలంటే బలాన్ని దాచిపెట్టి ఇవ్వాలి.

రెండు రోజులు షట్టరు దించుకుని పనిచేసింది. పైకి కనబడని చోటల్లా పలచని గట్టి ఉక్కు అతికించింది. బిళ్ల ఉన్న జానెడు మేర మాత్రం అతికించలేదు. పైగా అక్కడ ఆకురాయితో ఇంకాస్త అరగదీసింది. ఛాసిస్ అంతా గట్టిపడినా బిళ్లకు పాత నీరసమే తెలిసింది. నాలుగువందల పన్నెండు చూసుకుని తారకేష్ కారు తోలించుకుపోయాడు.

షంషాద్ గెలిచింది. మర్నాడు మెడలో దండతోనే షెడ్డుకు వచ్చింది.

“ఏదమ్మా, విరిగిందా? ఆఖరి మలుపులో గట్టు మీదికి ఎక్కించేశాను కూడా. ఏమీ కాలేదు! దిగేసరికి సరిగ్గా ముప్పై రెండు మిగిలింది. దెబ్బ తెలీదన్నావుగా? బిళ్లకి అన్నీ తెలుసు.”

“కారేదీ?”

“అంకె యాభై లోపుకొచ్చాక కార్లని చట్టం ఉంచనివ్వదుగా. పొద్దున్నే కరిగించేశారు. వచ్చేవారం ఇంకో కారు. మూడొందల తొంభై ఉంది దానికి. వేరే షెడ్డులో చేయిస్తున్నాం, నీ గోల లేకుండా. ఈసారి ప్రతి మలుపూ గట్టు మీంచే అడ్డంగా కోసేస్తా.”

కాశింబీ కూతురి చెయ్యి పట్టుకుంది.

“అది బిళ్ల కాదే! లోపలంతా నేను ఉక్కు అతికించాను. బిళ్ల దగ్గర అరగదీసి దాన్ని మోసం చేశాను. అందుకే గట్టు మీదికి ఎక్కించినా బతికావు. ఆ కారు ఎక్కొద్దే, నీకు దణ్ణం పెడతాను.”

షంషాద్ మొహం గంటుపెట్టుకుంది. “ఛీ! నేను గెలిస్తే అది కూడా నీ గొప్పేనా? అంత ఉక్కు అతికిస్తే అంకె పెరగదా? ముప్పై రెండు, నా కళ్లతో నేను చూశాను.”

విప్పి చూపించడానికి కారు లేదు. ఆ అంకె అబద్ధమని నిరూపించే దారి ఇంకేదీ కాశింబీకి తోచలేదు. “షంషాద్, ఆగవే!” అంటూ రోడ్డు దాకా పరుగెత్తింది. కూతురు వెనక్కి తిరగకుండానే తారకేష్‌కు ఫోను చేసి, కొత్త కారు తనే నడుపుతానని చెప్పింది.