పదకొండో గదిలో ఒత్తిగిలించే చెయ్యి

ఆ నర్సింగ్ హోమ్‌లో మంచం దిగలేని ముసలివాళ్లని ఉంచేది పదకొండో గదిలో. ఆ గదికి చెడ్డపేరుంది. అర్ధరాత్రి తెల్లబట్టల మనిషి ఒకతె వస్తుందట... రోగిని పక్కకి తిప్పుతుందట... వీపు నిమురుతుందట! అసలు భయమంతా అక్కడే — ఆ వేళప్పుడు రోగి దగ్గరికి వెళ్లే అలవాటు ఆ హోమ్‌లో బతికున్నవాళ్లెవరికీ లేదు.

రాత్రి డ్యూటీ నర్సమ్మయితే మరీ ఘటికురాలు. ఆ గదిలో పక్షవాతంతో పడున్న బస్సు డ్రైవరు తాత ఎండి పుల్లలా అయిపోయాడు. ఒకేవైపు పడుకుని పడుకుని నడుం కింద పుండు పడింది. రెండు గంటలకోసారి ఆయన్ని ఒత్తిగిలించి, చార్టులో టిక్కు పెట్టాలి. ఈవిడ రాత్రి పదింటికే పన్నెండు, రెండు, నాలుగు — అన్ని గళ్లూ నింపేసి, కుర్చీలో గుర్రుపెట్టేది.

"ఈ పుండు ముదిరిందంటే తాత మనకి దక్కడు," అని డాక్టరు ముందే చెప్పాడు.

పది రోజులు పోయాక పుండు చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు.

"అరే, మానుతోందే! రాత్రిళ్లు బాగా చూసుకుంటున్నావు. శభాష్ నర్సమ్మా!"

నర్సమ్మ పైకి నవ్వింది. డాక్టరు వెళ్లగానే చార్టు తిరగేసింది — అన్నీ తన టిక్కులే. తాను ఒక్క రాత్రి కూడా తిప్పలేదు... మరి తిప్పిందెవరు?

ఆ రాత్రి అలవాటుకొద్దీ టిక్కులైతే పెట్టింది గానీ, కునుకు పట్టలేదు. రెండు కావస్తుండగా — వరండాలో చెప్పుల చప్పుడు. ఆగింది... పదకొండో గది తలుపు కిర్రుమంది.

మునివేళ్ల మీద వెళ్లి తొంగిచూసింది. మంచం మీదికి వంగి... తెల్లగా...

"కొంచెం ఇటు ఒత్తిగిలండి బాబాయ్... అంతే, అయిపోయింది."

చేతికందిన స్విచ్చి నొక్కింది.

ఏడో గది ముసలమ్మ! ఒంటిమీద హోమ్ వాళ్లిచ్చిన తెల్ల నైటీ. కన్నకూతుర్నే గుర్తుపట్టలేని మతిమరుపు ఆవిడకి. ముప్పై ఏళ్లు ఆసుపత్రుల్లో నర్సుగా చేసిందట. అన్నీ మర్చిపోయినా చేతులు ఆ పని మర్చిపోలేదు. నర్సమ్మకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వెంటనే సిగ్గుతో తల వాలిపోయింది.

ముసలమ్మ మంచానికి వేలాడుతున్న చార్టు అందుకుని, కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. మొహం పాలిపోయింది. నర్సమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని గుసగుసగా అంది —

"కొత్తగా చేరావా తల్లీ? జాగ్రత్త... ఇక్కడ దెయ్యం తిరుగుతోంది. రాదు, రోగిని ముట్టుకోదు... చూడు, ఇప్పుడు రెండే అయింది — నాలుగింటి టిక్కు అప్పుడే పడిపోయింది!"