పక్కింటి కిటికీకి అడ్డంగా వెదురు

ఆదివారం పొద్దున పక్కింటి మేడ మీద ఉండే అతను మెడలో హెడ్‌ఫోన్స్‌తోనే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమె గోడ పక్కన వెదురు దుబ్బులకు నీళ్లు పెడుతోంది.

"మీ వెదురు నా రికార్డింగ్‌లోకి వచ్చేస్తోందండీ," అన్నాడు.

"అది గోడే దాటలేదు. రికార్డింగ్‌లోకి ఎలా వస్తుంది?"

అతను ఓపిగ్గా చెప్పాడు. చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తాడు. ఈ ఏడు వెదురు మేడ ఎత్తుకు పెరిగింది. గాలి వీచినప్పుడల్లా గోడ మీదుగా వంగి ఆకులు కిటికీ రెక్కలకు రాసుకుని, సైన్సు పాఠమంతా వానలో కూర్చుని చదివినట్టు వస్తోంది. మధ్యలో ఉన్న ఆ దుబ్బు ఒక్కటీ తీయించగలరా? పైగా వెదురు వేర్లు పాకి గోడల్ని పగలగొడతాయని కూడా విన్నాడు.

వేర్ల సంగతి ఆమెకు బాగా తెలుసు. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పని ఆమెది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోదు, మొక్కలు కొనేముందే అన్నీ కనుక్కుంది. ఇది పాకే రకం కాదు, పిలకలన్నీ తల్లి మొదట్లోనే వస్తాయి, మూడేళ్లలో జానెడు కూడా జరగలేదు అంటూ మట్టి తవ్వి చూపించింది. చప్పుడు మాటకు మాత్రం కోపం వచ్చింది.

"అసలు మీ కిటికీ వల్లే వేశానండీ వీటిని."

ఆమె తల్లి స్కూల్లో డ్రిల్ టీచరుగా చేసింది. విజిల్ ఊది వందల మంది పిల్లల్ని పరిగెత్తించిన మనిషి. బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగాక, వాకర్ పట్టుకుని రోజూ అరగంట నడవమన్నాడు డాక్టరు. పెరట్లోకే సూటిగా మేడ మీది కిటికీ. ఎవరైనా చూస్తారని ఆవిడ గడప దాటలేదు. అందుకే కూతురు నర్సరీ నుంచి పచ్చ చారల పసుపు వెదురు మూడు మొక్కలు తెచ్చి నాటింది.

అతను మేడ వైపు చెయ్యి చూపించాడు. "ఆ కిటికీ తెరిచి నాలుగేళ్లయిందండీ. చప్పుడు రాకుండా లోపల పరుపు అడ్డం పెట్టి మేకులు కొట్టేశాను. కావాలంటే వచ్చి చూడండి."

ఆమె నిజంగానే వెళ్లి చూసింది. అతని వదిన టీ ఇచ్చి, మేడ మీదకు తీసుకెళ్లింది. పూల పూల పరుపొకటి కిటికీకి అతుక్కుని ఉంది. మూడేళ్లుగా ఆ పరుపు చూడకుండా అడ్డం పెంచిందన్నమాట. ఆమెకు నవ్వు ఆగలేదు. అతనూ నవ్వేశాడు.

కిటికీ మూసే ఉందని ఇంటికొచ్చి చెప్పినా తల్లి వినలేదు. వెదురు తీస్తే మళ్లీ గదిలోనే కూర్చుంటానంది. చివరికి నర్సరీ ఆవిడ ఒక దారి చెప్పింది: ముదురు గడల్ని మొదలుకంటా కోసేసి పలచన చేస్తే చప్పుడు తగ్గుతుంది, దుబ్బుకూ మంచిదే. ఫిర్యాదు తనదే కాబట్టి కోతా తనదేనన్నాడు అతను.

మొదటి ఆదివారం నాలుగు గడలు కోశాడు. తర్వాతి ఆదివారం, ఇంకా కొంచెం వినిపిస్తోందంటూ వచ్చాడు. ఆమె గడ పట్టుకునేది, అతను రంపం ఆడించేవాడు. రాలిన ఆకులు ఊడవబోతే, అదే దానికి ఎరువని ఆపేది. తను నోరు తిరక్క ఇరవైసార్లు చదివిన మాటలు అతను చెప్పేవాడు. కొత్త పళ్లు పెట్టుకుని అద్దం ముందు నుంచి కదలని తాతగారి గురించి ఆమె చెప్పేది. ఆదివారాలు అలా ఏడు గడిచాయి.

ఎనిమిదో ఆదివారం తల్లి చేతికర్రతో నడుస్తూ వచ్చి వాళ్ల దగ్గర ఆగింది. దుబ్బుల మధ్య నుంచి పక్కింటి మేడంతా కనిపిస్తోంది.

"బాబూ, ఇంకో రెండు వారాలు నువ్విలాగే వస్తే ఇక్కడ వెదురుండదు. ఆ కోత ఆపి, వచ్చిన పనేంటో దానికి చెప్పు," అని తన నడక తను నడుచుకుంటూ పోయింది.

అతను రంపం కింద పెట్టాడు. "మైకు వెనక గదిలోకి మార్చి నెల దాటింది."

"తెలుసు. మీ వదిన చెప్పింది."

"తెలిసీ రానిచ్చారా?"

"తెలిసీ గడ పట్టుకున్నాను."

అతను చేతికంటిన పొట్టు దులుపుకుని, పెళ్లి చేసుకుందామా అని అడిగాడు.

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు కొన్ని వారాలుగా తెలుసు. జవాబే తేలలేదు. "అమ్మ స్నానానికి వెళ్తే ఇప్పటికీ నేను తలుపు బయట నిలబడాలి. ఆవిణ్ణి వదిలి ఎక్కడికీ రాలేను."

అతను గోడ వైపు చూశాడు. "మధ్యలో ఉన్నది ఇదొక్కటేగా. దీనికి తలుపు పెట్టిద్దాం. ఎవరూ ఎవర్నీ వదలక్కర్లేదు."

ఆమె కళ్లు తుడుచుకుని, అయితే ముందు మీ అన్నయ్యగారితో మాట్లాడమంది. అన్నయ్య ఒప్పుకున్నాడు. వదినైతే ఇంత ఆలస్యమెందుకైందని అడిగింది.

పెళ్లి ఇంకో పది రోజులుందనగా తాపీమేస్త్రీ వచ్చి గోడ మీద సుద్దతో గీత గీశాడు. తల్లి అది చెరిపించి, పిలకలు నలగకుండా రెండడుగులు ఇవతలకు గీయించింది. గోడలో దారి పడి దుమ్ము తగ్గాక, అవతలి నుంచి తలుపు ఎలా ఉంటుందో చూడాలంటూ, చేతికర్ర పట్టుకుని అందరికంటే ముందు ఆవిడే పక్కింట్లోకి నడిచింది.